ఏది విరుగుతుంది, ఎవరు బాగుచేస్తారు: ఆఫ్‌రోడ్ బండి ఎంచుకునే ముందు డకార్ లారీల కింద ఒకసారి తొంగి చూడండి

మా అక్క కొడుకు కూకట్‌పల్లిలో ఉంటాడు. మొన్న రాత్రి పన్నెండింటికి ఒక వీడియో పంపాడు. సౌదీ ఇసుక దిబ్బ మీద నుంచి ఒక లారీ నాలుగు చక్రాలూ నేలకు అంటకుండా గాల్లోకి లేచి, అవతల దిగి, ఏమీ జరగనట్టు వెళ్లిపోతోంది. కింద ఒకటే లైను: "మామా, థార్ తీసుకోనా, జిమ్నీ తీసుకోనా? మోడిఫై చేసి ర్యాలీలకు పోదామనుకుంటున్నా."

ఆ ప్రశ్నకు రెండు ముక్కల్లో జవాబు రాద్దామని కూర్చుంటే ఇంత అయింది. ఇదే ప్రశ్న ఆదివారం పొద్దున అనంతగిరి దారిలో టీ కొట్టు దగ్గర కూడా నలుగురు అడుగుతుంటారు కాబట్టి అందరికీ పనికొస్తుందని ఇక్కడ పెడుతున్నా.

ముందే చెప్పేస్తున్నా, హార్స్‌పవర్‌తో లెక్క మొదలుపెట్టకండి. బండి ఎంచుకోవడమంటే ముందుగా ఏది విరగాలో ఎంచుకోవడం, అది విరిగినప్పుడు ఎవరు, ఎక్కడ, ఎంతసేపట్లో బాగుచేస్తారో ఎంచుకోవడం. ఆ వీడియో డకార్ ర్యాలీది, కార్లు, లారీలు రోజుల తరబడి ఎడారిలో పరుగెత్తే పోటీ. అక్కడ లారీల్లో ముగ్గురు కూర్చుంటారు: డ్రైవరు, దారి చెప్పేవాడు, మెకానిక్. మూడోవాడికి సీటు ఎందుకిచ్చారో అర్థమైతే సగం పాఠం అయిపోయినట్టే.

ఇరుసు సంగతి

ఆ వీడియోలోది కమాజ్. రష్యాలో టాటర్‌స్థాన్‌లోని నాబెరెజ్నియే చెల్నీ అనే ఊళ్లో తయారవుతుంది. 1996లో మొదటిసారి డకార్ లారీల విభాగం గెలిచారు, వాళ్ల డ్రైవరు వ్లాదిమిర్ చాగిన్ ఒక్కడే ఏడుసార్లు గెలిచాడు. అంత గెలిచిన బండి కింద ఏం మహా రహస్యం ఉందా అని వంగి చూస్తే, ముందూ వెనకా సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే ముక్క ఇరుసు), దాన్ని పట్టుకుని కమాన్ కట్టలు, అంటే ఉక్కు పట్టీలు పేర్చిన స్ప్రింగులు. అవునండీ, మన ఆటోనగర్‌లో లారీల కింద కనిపించే కమాన్ల జాతే. తేడా ఉంది, అక్కడ పట్టీలు తక్కువ, పొడవు ఎక్కువ, మెత్తదనం ఎక్కువ, పక్కనే మనిషి తొడంత షాకబ్జర్లు, కానీ సూత్రం ఒకటే.

ఇరుసు ఒకే ముక్కగా ఉంటే ఒక చక్రం బండ ఎక్కినప్పుడు రెండోది దానంతటదే కిందికి నొక్కుకుంటుంది, నేలను వదలదు. ఇంకో లాభం, చక్రం ఎక్కడుంటే క్రౌన్ గుండు (ఇరుసు మధ్యలో గేర్లుండే గుండ్రటి డబ్బా) కూడా అక్కడే ఉంటుంది కాబట్టి బరువు వేసినా దాని కింద జాగా తగ్గదు. విరిగే కీళ్లు తక్కువ. నష్టం కూడా అందులోనే ఉంది. ఆ గుండు, ఆ గొట్టం, హబ్బులు అన్నీ స్ప్రింగుకు కిందనే వేలాడే బరువు. స్పీడుగా పోతున్నప్పుడు ఒక గుంతకి ఆ బరువంతా పైకి ఎగిరి కిందికి దిగేలోపే ఇంకో గుంత వచ్చేస్తుంది, అందుకే సాలిడ్ యాక్సిల్ బండి గులకరాళ్ల దారిలో ఎనభై దాటాక పక్కలకు గెంతుతుంది. మారుతీ జిప్సీ నడిపినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు, వాళ్ల నడుమే సాక్ష్యం.

దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టింది చెక్ దేశపు టట్రా. చాసిస్ అంటే రెండు పొడుగు కమ్మీలు కదా అనుకుంటాం. వీళ్లు నడిమధ్యన ఒక లావు గొట్టం పెట్టి, ఇంజను బలాన్ని ఇరుసులకు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను దాని లోపలే దాచి, గొట్టానికి అటూ ఇటూ చక్రాలను పక్షి రెక్కల్లా విడివిడిగా ఊగేలా తగిలించారు. హన్స్ లెడ్‌వింకా 1923లో టట్రా 11 అనే కారు కోసం వేసిన ఆలోచన ఇది, నూరేళ్లు దాటింది, ఇంకా అదే పద్ధతి. కారెల్ లోప్రైస్ ఈ టట్రాలతో డకార్ ఆరుసార్లు గెలిచాడు. గొట్టం మెలితిరగదు, షాఫ్టుకు రాయి తగలదు, ప్రతి చక్రం దాని గుంత అది చూసుకుంటుంది. హైదరాబాద్ వాళ్లకు ఇది అంత దూరపు కథేం కాదు. బ్రహ్మోస్, పినాక లాంచర్లను మోసేవి కూడా టట్రా చాసిస్‌లే. క్షిపణుల పని ఇంతగా జరిగే ఊళ్లో ఉంటూ కూడా వాటి ఫోటోల్లో పైనున్న క్షిపణిని తప్ప కింద చక్రాలను చూసేవాళ్లం తక్కువ. ఈసారి చూడండి, చక్రాలు నిటారుగా కాకుండా కొద్దిగా పక్కకు వాలి కనిపిస్తే, అదే గుర్తు.

మరి రెండింట్లో ఏది గొప్ప? ఇద్దరూ గెలిచారు. అందుకే ఒక్క దాన్నే పట్టుకుని "సాలిడ్ యాక్సిలే అసలైన ఆఫ్‌రోడ్" అని వాదించేవాళ్ల మాట ఒక చెవితో వినండి చాలు.

మెక్సికోలో బాహా 1000 అని ఇంకో పోటీ ఉంది, 1967లో మొదలైంది. అక్కడి ట్రోఫీ ట్రక్కులు చూస్తే మధ్యేమార్గం కనిపిస్తుంది: ముందు చక్రాలు ఇండిపెండెంట్ (దేనికది విడిగా ఆడేవి), వెనక సాలిడ్ యాక్సిల్. ముందు చక్రాలు తిరగాలి, గుంతను మొదట తినేది అవే, కాబట్టి తేలిగ్గా ఉండాలి. వెనకవి పవర్‌ను నేలకు దించాలి, కాబట్టి మొండిగా ఉండాలి. వెనక చక్రం పైకీ కిందికీ ఆడే జాగా ముప్పై అంగుళాల దాకా ఉంటుంది, అంటే నేల మీద నుంచి మన డైనింగ్ టేబుల్ ఎత్తు. మన థార్, ఫోర్స్ గూర్ఖా, ఇసుజు వి-క్రాస్, టొయోటా హైలక్స్ అన్నీ కాగితం మీద ఈ పద్ధతే, ముందు ఇండిపెండెంట్, వెనక సాలిడ్. జిమ్నీ, పాత జిప్సీ మాత్రం ముందూ వెనకా సాలిడ్.

డకార్ కార్ల విభాగంలో ఇప్పుడు గెలిచేవి నాలుగు చక్రాలూ ఇండిపెండెంట్. అన్నట్టు అక్కడ పరుగెత్తే హైలక్స్‌కూ షోరూంలోని హైలక్స్‌కూ పేరు, ముఖం తప్ప పెద్దగా చుట్టరికం లేదు. అది గొట్టాల ఫ్రేము, మధ్యకు జరిపిన ఇంజను. 2019లో ఖతార్ డ్రైవరు అల్ అత్తియా హైలక్స్‌తో గెలిచాడని షోరూంలో హైలక్స్ బుక్ చేసేవాళ్లు ఉన్నారు. బండి మంచిదే, కారణమే తప్పు.

మన నేల ఏమంటోంది

హైదరాబాద్ చుట్టూ ఇసుక దిబ్బల్లేవు. చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు నల్లరేగడి, వికారాబాద్ దగ్గర ఎర్రమట్టి, మొరం, వాగులు, ఒర్రెలు, ఎక్కడ చూసినా గ్రానైటు బండలు. ఎండాకాలంలో మూడు అంగుళాల మెత్తటి దుమ్ము, జులై వస్తే అదే దుమ్ము జిగురు. నల్లరేగడి తడిస్తే టైరుకు గారెల పిండిలా అంటుకుని గుండ్రంగా నున్నగా చేసేస్తుంది, మీ దగ్గర లాకర్ (ఇరుసు రెండు చక్రాలనూ కలిపి తిప్పే తాళం) ఉన్నా లారీ ఇంజను ఉన్నా నున్నటి గుండు మీద కూర్చున్నట్టే.

మీరు వారానికో నెలకో ఇక్కడ తిరిగి, ఏడాదికోసారి రాజస్థాన్‌కో హిమాలయాలకో పోటీకి పోదామనుకుంటే, ఇక్కడి నేల మొదట, అక్కడిది తరువాత. చాలామంది తలకిందులుగా కొంటారు. ఏడాదిలో నాలుగు రోజులు ఉండే ఎడారి కోసం బండి తయారుచేసి, మిగతా రోజులు మియాపూర్ ఫ్లైఓవర్ మీద నడుము పట్టుకుని కూర్చుంటారు.

కమానా, కాయిలా

కమాన్‌ను జనం చిన్నచూపు చూస్తారు, పాతకాలపుదని. నేనూ చూశాను, జిప్సీ కొనేదాకా. అనంతగిరి అవతల ఒక ఒర్రె దిగుతుంటే వెనక కుడివైపు మెయిన్ పట్టీ ఫట్‌మని విరిగింది. దిగి చూస్తే ఇరుసు కొద్దిగా వెనక్కి జరిగి టైరు బాడీకి రాసుకుంటోంది. ఒక చెట్టు కొమ్మ కోసి మధ్యలో దూర్చి, లాగుడు గొలుసుతో ఇరుసును చాసిస్‌కు కట్టేసి పది కిలోమీటర్లు మెల్లగా వికారాబాద్ దాకా వచ్చాం. అక్కడ లారీలకు కమాన్లు వేసే పెద్దాయన విరిగిన పట్టీ చేతిలోకి తీసుకుని చూసి, ఇంకో బండి పట్టీ కోసి, కాల్చి, వంచి, సుత్తితో సరిచేసి రెండు గంటల్లో పంపించాడు. "సార్, ఇది జీపు కాదు, పిల్ల లారీ" అన్నాడు వెళ్తుంటే. అది తిట్టో మెచ్చుకోలో ఇప్పటికీ తేల్చుకోలేదు.

కమాన్ గొప్పదనం ఇది: స్ప్రింగు పని, ఇరుసును చోటున పట్టి ఉంచే పని రెండూ ఒకటే చేస్తుంది, ఒక పట్టీ పోయినా మిగతావి మోస్తాయి. లోపం ఏంటంటే పట్టీల మధ్య రాపిడి, అందుకే చిన్న చిన్న కుదుపులకు స్పందించదు, కడుపులోకి గుద్దుతుంది. కాయిల్ స్ప్రింగుకు ఆ రాపిడి లేదు, మెత్తగా ఆడుతుంది, కానీ అది ఇరుసును పట్టుకోలేదు కాబట్టి లింకులు, బుష్షులు, అవి తగిలే బ్రాకెట్లు కావాలి, అంటే విరిగే చోట్లు నాలుగైదు పెరిగాయి. జిమ్నీలో మూడు లింకులు, కాయిల్. బరువు 1,200 కిలోల దగ్గర్లోనే కాబట్టి ఆ బుష్షులు చాలాకాలం వస్తాయి. బరువు తక్కువ ఉండటమే జిమ్నీకి ఉన్న అతిపెద్ద మోడిఫికేషన్, అది కంపెనీ ఉచితంగా ఇచ్చింది.

అసలు డబ్బు పెట్టాల్సింది షాకబ్జర్లలో

దీని మీద కొంచెం ఎక్కువ రాస్తా, ఎందుకంటే హైదరాబాద్‌లో జనం తప్పుగా ఖర్చు పెట్టేది ఇక్కడే. లిఫ్ట్ కిట్ వేస్తారు, బండి రెండు అంగుళాలు లేస్తుంది, ఫోటో బాగుంటుంది. షాకబ్జర్లు మాత్రం పాతవే.

స్ప్రింగు దెబ్బను మింగదు, దాచుకుని తిరిగి ఇస్తుంది. దాన్ని చంపేది షాకబ్జరు, చంపి వేడిగా మారుస్తుంది. డకార్ లారీ కనీస బరువు 8,500 కిలోలు అనుకోండి, ఒక్క మీటరు ఎత్తు నుంచి దిగితే అందులోని శక్తి లీటరు నీళ్లను ఇరవై డిగ్రీలు వేడెక్కించడానికి సరిపోతుంది. అది ఒక్క దెబ్బకు. రోజుకు నాలుగు వందల కిలోమీటర్లు అలాంటి దెబ్బలు. ఆ వేడికి లోపలి నూనె పలచబడుతుంది, గాలి కలిసి నురుగు అవుతుంది, నురుగును పిస్టన్ ఎంత నొక్కినా అడ్డం రాదు, బండి పడవలా ఊగడం మొదలెడుతుంది. దీన్నే ఫేడ్ అంటారు. అందుకే రేసు షాకబ్జర్లు లావుగా ఉంటాయి, ఎక్కువ నూనె, పక్కన ఇంకో డబ్బా, అందులో నైట్రోజన్ ఒత్తిడి, నురుగు పుట్టకుండా. బాహా ట్రక్కుల్లో బైపాస్ రకం వాడతారు. సిలిండర్ బయట చిన్న గొట్టాలు కనిపిస్తాయి, మధ్యలో ఉన్నంతసేపు నూనె వాటిగుండా తేలిగ్గా పోతుంది, చివరకు వచ్చేసరికి దారి మూసుకుని గట్టిపడుతుంది. అంటే చిన్న గుంతకు మెత్తగా, పెద్ద దెబ్బకు గోడలా.

మనకు బైపాస్ అక్కర్లేదు. కానీ ఒక పరీక్ష చేయండి. మొరం దారిలో అరగంట ఒకే స్పీడులో పోయి, దిగి షాకబ్జరు మీద రెండు నీటి చుక్కలు చల్లండి. చుయ్‌మని ఆవిరైతే మీ లిఫ్ట్ కిట్ డబ్బు తప్పు చోట పెట్టారన్నమాట. చేత్తో మాత్రం ముట్టుకోకండి, నేను ముట్టుకున్నాను, చాలు.

మా స్నేహితుడు తన థార్‌కు నగరంలో ఒక వర్క్‌షాప్‌లో లిఫ్ట్ చేయించాడు. స్ప్రింగుల మీద స్పేసర్లు పెట్టి పైకి లేపారు, ముందు వైపు కోణాలు సరిచేయలేదు. ఇండిపెండెంట్ సస్పెన్షన్‌ను లేపితే డ్రైవ్ షాఫ్టులు కిందికి ఏటవాలుగా పని చేయాలి, షాఫ్టు కీళ్లను కప్పే రబ్బరు తొడుగులు, అదే బూట్లు, మడతపడతాయి. మూడో ట్రిప్పులో బూటు చిరిగింది, లోపల దుమ్ము దూరింది, నెలలోపే జాయింటు కటకటలాడటం మొదలైంది. బండి ట్రక్కు మీద ఇంటికొచ్చింది, పార్టు కోసం పదకొండు రోజులు. థార్ తప్పేమీ లేదు అందులో. ఇండిపెండెంట్ బండిని లేపడం సాలిడ్ యాక్సిల్ బండిని లేపినంత తేలిక కాదు, ఆ సంగతి డబ్బు తీసుకునేవాళ్లు ముందే చెప్పి ఉండాల్సింది.

ఇంజను, గేర్లు: ఇక్కడ ఎక్కువ ఆలోచించకండి

రేసు లారీల ఇంజన్లు ఒకప్పుడు పదహారు లీటర్లకు పైబడి ఉండేవి, రూల్స్ మారి 13 లీటర్లకు దించారు, అయినా వెయ్యి హార్స్‌పవర్ దగ్గర్లోనే ఉన్నాయి. టాప్ స్పీడు మాత్రం గంటకు 140 కిలోమీటర్లకు కట్టేశారు. ఎందుకో తెలియాలంటే 1988కి వెళ్లాలి. డాఫ్ కంపెనీ లారీలో రెండు ఇంజన్లు పెట్టింది, ఒకటి ముందు ఇరుసుకు, ఒకటి వెనక ఇరుసుకు. యాన్ డి రోయ్ ఆ లారీతో ఎడారిలో అరి వాటనెన్ నడుపుతున్న పెజో కారును దాటేశాడు, ఆ దృశ్యం ఇప్పటికీ తిరుగుతూనే ఉంటుంది. అదే ఏడాది అదే టీములోని రెండో లారీ బోల్తాపడి ఒక మనిషి చనిపోయాడు, డాఫ్ రేసు మానేసింది. బరువుకు వేగం కలిస్తే ఏమవుతుందో అందరూ అప్పుడు చూశారు.

మన స్థాయిలో డీజిలా పెట్రోలా అంటే, తక్కువ ఆర్‌పీఎంలో ఈడ్చే పనికి డీజిల్, బరువు తగ్గించాలంటే పెట్రోలు. ఒకప్పుడు డీజిల్ డకార్ గెలవదనేవాళ్లు, 2009లో ఫోక్స్‌వాగన్ టూరెగ్ గెలిచింది, ఆ తరువాత కొన్నేళ్లు డీజిల్ రాజ్యమే నడిచింది, ఇప్పుడు ముందు వరుసలోని కార్లు మళ్లీ పెట్రోలు. గాలి మారుతూ ఉంటుంది. మీ బండి బతికేది ఇంజను రకంతో కంటే ఎయిర్ ఫిల్టర్‌తో. మన దుమ్ములో రోజంతా కాన్వాయ్ వెనక తిరిగితే ఫిల్టర్ దులపడం కాదు, మార్చాలి. స్నార్కెల్‌ను (పైకప్పు దాకా లేపిన గాలి గొట్టం) నీళ్ల కోసమనుకుంటారు, దానివల్ల మనకు ఎక్కువ లాభం దుమ్ము పొరకు పైనుంచి గాలి పీల్చుకోవడం. నీళ్లు లోపలికి పోతే పెట్రోలైనా డీజిలైనా కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది.

గేర్ల విషయంలో మాన్యువలే మగాడి బండి అనే మాట వదిలేయండి. బాహా ట్రోఫీ ట్రక్కుల్లో చాలాకాలం నడిచింది జనరల్ మోటార్స్ పాత టర్బో 400 ఆధారంగా కట్టిన మూడు గేర్ల ఆటోమేటిక్. ఇంజనుకూ గేర్లకూ మధ్యలో టార్క్ కన్వర్టర్ దిండులా ఉంటుంది, చక్రం గాల్లోంచి నేలకు తగిలినప్పుడు వచ్చే కుదుపు షాఫ్టులను విరగ్గొట్టదు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు, బండల మీద క్లచ్ ప్లేట్ కాల్చుకోకుండా ఉండటానికి, ఆటోమేటిక్ నయం. జిమ్నీది నాలుగు గేర్ల పాతరకం ఆటోమేటిక్, ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద రొదపెడుతుంది, బురదలో మాత్రం నాకేమీ తేడా కనిపించలేదు. లో గేర్ (మెల్లగా, బలంగా ఈడ్చడానికి విడిగా ఉండే గేర్ల జత) ఉందా లేదా అన్నది ఒక్కటే రాజీ పడకూడని విషయం.

లాకర్, టైర్లు

మామూలు డిఫరెన్షియల్ (మలుపుల్లో రెండు చక్రాలనూ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే, క్రౌన్ గుండులోని గేర్లు) ఉన్నప్పుడు గాల్లో తేలిన చక్రం తిరుగుతూ ఉంటుంది, నేలమీదున్నది చూస్తూ ఉంటుంది. దీనికి మూడు మందులు. జిమ్నీ తిరిగే చక్రానికి బ్రేకు వేసి రెండోదానికి బలం పంపుతుంది. కొన్ని థార్‌లలో వెనక మెకానికల్ లాకర్ ఉంటుంది, చక్రం కాస్త తిరిగాక దానంతటదే టక్కున పట్టుకుంటుంది. గూర్ఖాలో ముందు వెనక రెండింటికీ డ్రైవరు చేత్తో లాక్ వేసుకునే వీలుంది, చక్రం జారకముందే వేసుకోవచ్చు. బండల మీద, ఒర్రెల్లో ఈ మూడో పద్ధతికి సాటి లేదు. బురదలో తేడా తగ్గుతుంది. హైవే మీద లాక్ తీయడం మరిచిపోతే మలుపు తిరగదు, టైర్లు కీచుమంటాయి, షాఫ్టు మూలుగుతుంది, అది డ్రైవరు తప్పు.

టైర్ల గురించి డకార్ చెప్పే పాఠం ఇంకా సూటిది. సౌదీలో రాళ్ల మీద కార్లకు పంచర్ల మీద పంచర్లయ్యాయి. నాలుగు చక్రాలకూ పవరున్న బండ్లకు అప్పట్లో 32 అంగుళాల టైర్లే, చక్రం ఆడే జాగా 280 మిల్లీమీటర్లే. రెండు చక్రాలకే పవరున్న బగ్గీలకు 37 అంగుళాలు వేసుకునే వీలుండేది, ఆ వీలుతోనే పెజో 2016 నుంచి మూడేళ్లు వరసగా గెలిచింది. 2022లో ఫోర్ బై ఫోర్లకు కూడా 37 అంగుళాలు, 350 మిల్లీమీటర్లు ఇచ్చారు, అంతే, ఆట స్వరూపమే మారింది. ఇంజను కాదు, టైరు. లారీలకైతే నాలుగడుగుల ఎత్తు టైర్లు, పైగా క్యాబిన్‌లో కూర్చునే గాలి తగ్గించి పెంచుకునే ఏర్పాటు.

మనం దిగి తగ్గించుకుందాం, నష్టమేం లేదు. ఇసుకలో 15 నుంచి 18 పీఎస్ఐ, బండల మీద ఇరవై దగ్గర. నల్లరేగడిలో గాలి తగ్గించడం కంటే గాడులు వెడల్పుగా ఉన్న మడ్ టెరైన్ టైరు, మట్టిని విసిరేయడానికి కాస్త చక్రం స్పీడు, ఈ రెండూ ముఖ్యం. కానీ ఆ టైరు తడి రోడ్డు మీద బ్రేకుకు ఆలస్యంగా ఆగుతుంది, ఓఆర్ఆర్ మీద ఈలవేస్తుంది. రోజూ ఆఫీసుకు అదే బండైతే ఆల్ టెరైన్ వేసుకుని వానాకాలంలో రేగడి పొలాల జోలికి వెళ్లకండి, రైతు కూడా సంతోషిస్తాడు. సైజు ఒక మెట్టు పెంచితే బండి తట్టుకుంటుంది, చట్టం సంగతి చివర్లో చెప్తా. రెండు మెట్లు పెంచితే బ్రేకులు, స్టీరింగు, హాఫ్ షాఫ్టులు, గేరు నిష్పత్తి అన్నీ లెక్క తప్పుతాయి, వాటిలో ఏది విరుగుతుందో మీరు ఎంచుకోలేరు, అదే ఎంచుకుంటుంది. గాలి పంపు లేకుండా గాలి తీసేవాళ్లను చూశాను, ఓఆర్ఆర్ దాకా ఇరవై స్పీడులో వచ్చారు పాపం.

ఇక మీ సంగతి

చేతిలో డబ్బు తక్కువ, నేర్చుకోవాలి, విరగ్గొట్టుకోవాలి, మళ్లీ బిగించుకోవాలి అంటే పాత జిప్సీ. టన్నుకు అటూ ఇటూ బరువు, లోపల కంప్యూటర్ గొడవ పెద్దగా లేదు, ఆటోనగర్‌లో, రాణిగంజ్‌లో, పుత్లీబౌలిలో తిరిగితే దొరకని పార్టు తక్కువ. తుప్పు చూసుకోండి, చాసిస్ మీద కమాన్ తగిలే బ్రాకెట్ల దగ్గర సుత్తితో తట్టండి, ఖంగుమనాలి, బొద్దుమంటే వదిలేయండి. మిలిటరీ వేలంలో వచ్చిందని చెప్పే ప్రతి బండీ మిలిటరీది కాదు, కాగితాలు చూడందే అడ్వాన్సు ఇవ్వకండి. ఏసీ లేని జిప్సీలో మే నెల గురించి నేను చెప్పను.

ఇంట్లో ఒకటే బండి, ఆఫీసుకూ అదే, వారాంతానికీ అదే, భార్య కూడా నడపాలి అంటే జిమ్నీ. సన్నగా ఉంటుంది కాబట్టి పొదల మధ్య దారుల్లోకి దూరిపోతుంది. 105 హార్స్‌పవర్ చాలదు అని గొణుగుతారు, అమీర్‌పేట ట్రాఫిక్‌లో అందరిదీ పది హార్స్‌పవరే. దీనికి మంచి షాకబ్జర్లు, ఆల్ టెరైన్ టైర్లు, కింద రేకు కవచాలు, అంతటితో ఆపేయండి.

వేగంగా పోయే క్రాస్‌కంట్రీ ర్యాలీ మీద మనసుంటే థార్. ముందు ఇండిపెండెంట్, పొడి మొరం మీద జిమ్నీ కంటే నిలకడగా పోతుంది, ఇంజనుకు బలం ఉంది. లేపకండి. మళ్లీ చెప్తున్నా, లేపకండి, ఆ డబ్బు షాకబ్జర్లలో పెట్టండి. అసలే 226 మిల్లీమీటర్ల ఎత్తు ఉంది.

బండలు, వాగులు, మెల్లగా ఎక్కే ట్రయల్ పోటీలు అంటే గూర్ఖా. 2024లో వచ్చిన 140 హార్స్‌పవర్ది చూడండి, అంతకుముందుది 90, కొండకు బాగానే ఉండేది కానీ హైవేలో ఓపిక పరీక్షించేది. సర్వీసు సెంటర్లు తక్కువ, ఇంటికి ఎంత దూరమో కొనకముందే కొలుచుకోండి.

వి-క్రాస్, హైలక్స్ పికప్‌లు సామాను మోయడానికి, ర్యాలీలో సపోర్టు బండిగా, రెండు స్టెప్నీలు, వెల్డింగు మిషను, టెంటు, నలుగురు మనుషులు ఎక్కి లద్దాఖ్ పోవడానికి. వి-క్రాస్ మన పక్కనే శ్రీసిటీలో తయారవుతుంది. వెనక కమాన్లు ఖాళీగా ఉంటే గుర్రంలా తంతాయి, రెండు వందల కిలోలు వేస్తే ఏనుగులా నడుస్తుంది. పొడుగు ఎక్కువ కాబట్టి గుట్ట మీద పొట్ట తగులుతుంది. పోటీ బండిగా కొనకండి, పోటీ బండి వెనక వెళ్లే బండిగా అయితే వీటికి మించింది లేదు.

కాగితాల సంగతి కూడా వినండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్వరూపాన్ని మార్చి రోడ్డెక్కకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. పెద్ద టైర్లు, బుల్‌బార్లు వేసుకుని ఓఆర్ఆర్ టోల్ దగ్గర కెమెరాకు చేయి ఊపితే చలానా ఇంటికే వస్తుంది. పోటీకి తయారుచేసిన బండిని లారీ మీద ఎక్కించి తీసుకెళ్లాలి, లేదా కంపెనీ రూపంలోనే ఉంచి లోపల షాకబ్జర్లు, టైర్ల రకం, కవచాలతో సరిపెట్టుకోవాలి. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట వెతికేది ఈ మార్పులనే.

మా వాడికి ఇదంతా చదివి వినిపిస్తే ఒక్క ప్రశ్న వేశాడు: "అయితే మామా, ఆ కమాజ్‌లో మూడోవాడి సీటు నువ్వు తీసుకుంటావా?" ముందు నువ్వు పానాలు పట్టుకోవడం నేర్చుకోరా అన్నాను. వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి నా జిప్సీ వెనక కమాన్లు విప్పి, శుభ్రం చేసి, గ్రీజు పెట్టి మళ్లీ బిగించాలి. వస్తానన్నాడు. పాత బట్టలు తెచ్చుకోమన్నాను, టిఫిన్ మాత్రం నాది.